‘తిన్నావా’ అన్న మాటకు ఆడా మగా లేదు

ప్రశ్న: అమ్మా, మాది విశాఖపట్నం, కూర్మన్నపాలెం. నేను ప్లాంటులో పనిచేస్తాను. మాకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి 21 ఏళ్ళు, ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. చిన్నది డిగ్రీ చదువుతోంది. ఏడాది కిందట పెద్దవాడు వాళ్ళమ్మతో ‘నేను అబ్బాయిని కాదమ్మా, చిన్నప్పట్నుంచీ అమ్మాయినే’ అని చెప్పాడు. నాకు తెలిసిన రోజు కోపం పట్టలేక చెయ్యి చేసుకున్నాను. ఇంట్లోంచి పొమ్మన్నాను. అప్పట్నుంచి మద్దిలపాలెంలో స్నేహితులతో రూములో ఉంటున్నాడు. ఆరు నెలలుగా మా మధ్య మాటల్లేవు. మొన్న రాత్రి వాళ్ళమ్మకి ‘వచ్చే జన్మలోనైనా నీ కడుపున ఆడపిల్లగా పుడతాను’ అని మెసేజ్ పెట్టాడు. ఆమె అన్నం ముట్టడం లేదు. ఇలాంటివాళ్ళలో చాలామంది ఆత్మహత్య చేసుకుంటారని ఎక్కడో చదివాను. నిజమేనా? మందులతో నయమవుతుందా? చిన్నదానికి సంబంధాలు చూద్దామనుకుంటున్నాం. బంధువులకి తెలిస్తే ఏం చెప్పాలి? వాడు చాలా తెలివైనవాడమ్మా.
- ఒక తండ్రి

జవాబు: అన్నయ్యగారూ, మీ ఉత్తరం అందిన సాయంత్రమే మీరిచ్చిన నంబరుకి ఫోన్ చేశాను. అలాంటి మెసేజ్ గురించి చదివాక, జవాబు అచ్చయ్యేదాకా ఆగడం నా వల్ల కాలేదు. ఆ రాత్రే మీ ఆవిడ మద్దిలపాలెం వెళ్ళారు. బిడ్డ పక్కనే పడుకున్నారు. మర్నాడు ఇద్దరూ కలిసి డాక్టర్ని చూశారు. కాస్త ఊపిరి పీల్చుకున్నాం. మీరు మాత్రం ఇంకా వెళ్ళలేదు. అందుకే ఇది రాస్తున్నాను. మీరు సరేనన్నాక, ఆనవాళ్ళు మార్చి, అందరూ చదివేలా రాస్తున్నాను. ఇలాంటి మెసేజ్ ఈ రాత్రి ఇంకో ఇంట్లో ఇంకో తల్లి ఫోనుకి వచ్చి ఉండొచ్చు.

ఆ ఇంటివాళ్ళ కోసం ముందు నాలుగు మాటలు చెప్పనివ్వండి. ‘వచ్చే జన్మలో’, ‘నేను లేకపోతే మీకు హాయి’, ‘నన్ను క్షమించండి’ లాంటి మాటలు వస్తే బెదిరింపనీ, నాటకమనీ కొట్టెయ్యకండి. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తున్నా, వరసగా అందరికీ ఫోన్ చేసి వీడ్కోలులా మాట్లాడుతున్నా, ఎన్నో రోజుల దుఃఖం తర్వాత ఉన్నట్టుండి మరీ ప్రశాంతంగా కనిపించినా అంతే. దగ్గరికి వెళ్ళి నేరుగా అడగండి: ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అలా అడిగితే లేని ఆలోచన మనమే పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగినప్పుడు ఎక్కువమందికి గుండెల మీద బరువు దిగినట్టు ఉంటుంది, మొత్తానికి ఒకరు అడిగారు కదా అని. ఔనంటే ఒంటరిగా వదలకండి. ప్రాణానికి ముప్పు తెచ్చే వస్తువులేవైనా దగ్గర్లో ఉంటే తీసెయ్యండి. 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. బాధపడుతున్న మనిషే చెయ్యాలని లేదు, తల్లిదండ్రులూ చెయ్యొచ్చు. ప్రమాదం మీద పడిందనిపిస్తే 112కి గానీ 108కి గానీ ఫోన్ చేసి, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.

మన ఊళ్ళో ఒక పాడు అలవాటుంది. చినవాల్తేరు ఆసుపత్రి అనగానే నవ్వుతారు. ‘నిన్ను వాల్తేరు పంపాలి’ అని చిన్నప్పట్నుంచీ ఒకరినొకరు తిట్టుకుని పెరిగాం. ఆ నవ్వుకి భయపడి, సాయం దొరికే చోటికి అడుగు పెట్టకుండా ఆగిపోయినవాళ్ళని నేను చూశాను. అక్కడ ఉన్నది ప్రభుత్వ మానసిక వైద్యశాల. జ్వరానికి కేజీహెచ్‌కి, అదే కింగ్ జార్జ్ ఆసుపత్రికి వెళ్ళినట్టే మనసు కుంగినప్పుడు అక్కడికి వెళ్ళాలి. పోలీసు కేసు అవుతుందేమోనని ఫోనులో మీరు అడిగారు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 115వ సెక్షన్ చూడండి. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, విచారించి శిక్షించకూడదు, ప్రభుత్వమే సంరక్షణ ఇవ్వాలి అంటుంది. ఆ భయంతో ఎవరూ ఆసుపత్రికి వెళ్ళడం ఆలస్యం చెయ్యకండి.

ఇక మీ మొదటి ప్రశ్న. నిజమేనా అని అడిగారు. నిజమే అన్నయ్యగారూ, ప్రమాదం ఎక్కువే. 2015లో అమెరికాలో 27,715 మంది ట్రాన్స్‌జెండర్లతో, అంటే మీ బిడ్డలా పుట్టినప్పుడు ఆడో మగో అని రాసినది తమది కాదని తెలిసినవాళ్ళతో, పెద్ద సర్వే జరిగింది. వాళ్ళలో 40 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకసారి ఆత్మహత్యకి ప్రయత్నించామని చెప్పారు. మీరు చదివింది బహుశా ఇలాంటి అంకె అయ్యుంటుంది. అది చదివి, ‘వీళ్ళ పుట్టుకలోనే చావు రాసి ఉంది’ అనుకుని కుంగిపోయారు. ఇంకొంచెం చదవాల్సింది.

కెనడాలో ఒంటారియో అనే రాష్ట్రంలో 16 నుంచి 24 ఏళ్ళ ట్రాన్స్ యువతని అడిగారు. ఆ వివరాలు 2012లో బయటికి వచ్చాయి. తల్లిదండ్రులు గట్టిగా అండగా ఉన్న పిల్లల్లో, గడిచిన ఏడాదిలో ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్ళు 4 శాతం. అలాంటి అండ లేనివాళ్ళలో 57 శాతం. ఆ రెండు అంకెలూ మొదటిసారి చూసినప్పుడు కాగితం పక్కన పెట్టి కాసేపు కూర్చుండిపోయాను. అది చిన్న సర్వే, పరాయి దేశం. అండ ఒక్కటే కారణమని అది రుజువు చెయ్యలేదు. అయినా పిల్లలంతా ఒకే రకం పిల్లలు. మారింది ఇల్లు. ప్రమాదం మీ బిడ్డ పుట్టుకలో ఉందనుకుంటే మీరు చెయ్యగలిగింది ఏమీ లేదు. ఇంటి గుమ్మం దగ్గర ఉందనుకుంటే, చాలా ఉంది.

గుమ్మం బయట ఎలా ఉంటుందో కూడా చెబుతాను, ఎందుకంటే మీకది ఎప్పుడూ ఎదురుకాలేదు. మన సిటీ బస్సులే తీసుకోండి. ముందు ఆడవాళ్ళు, వెనక మగవాళ్ళు. మీరు కూర్మన్నపాలెంలో బస్సెక్కితే ఎటు నిలబడాలో ఆలోచించరు. మీ బిడ్డకి ప్రతి బస్సూ ఒక పరీక్షే. ముందుకి వెళ్తే ఎవరైనా అరుస్తారేమో, వెనక్కి వెళ్తే ఎవరైనా చెయ్యి వేస్తారేమో. కాలేజీలో టాయిలెట్‌కి వెళ్ళకుండా ఉండటానికి పొద్దుట్నుంచి నీళ్ళు తాగరు. అద్దెకి రూము అడిగితే ఓనరు పైనుంచి కిందికి చూస్తాడు. క్యాంపస్ ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ మీద పేరు ఒకలా, ఎదురుగా మనిషి ఒకలా. జ్వరం వస్తే ఏ వార్డులో పడుకోబెడతారో తెలియదు. ఇందులో ఒక్కొక్కటీ చిన్నదే. మనిషిని చంపేంత పెద్దది ఏదీ లేదు. కానీ రోజూ పది సార్లు, పదిహేనేళ్ళు. అలా వినీ వినీ, బయటివాళ్ళు అనే మాటే చివరికి లోపలి మాట అయిపోతుంది. ‘నేను తప్పుగా పుట్టాను’ అని తనే అనుకోవడం మొదలుపెడుతుంది. ఆ మెసేజ్ మళ్ళీ చదవండి. వచ్చే జన్మలో సరిగ్గా పుడతానని అమ్మకి మాటిస్తోంది. అంటే ఈ జన్మలో తను చేసిన నేరం పుట్టడమేనని నమ్మేసింది.

బస్సునీ, కాలేజీనీ, ఓనరునీ మీరు మార్చలేరు. ఇవన్నీ పడి సాయంత్రం ఇంటికొచ్చే బిడ్డకి ఇంట్లో ఏం ఎదురవ్వాలో మాత్రం మీరే నిర్ణయిస్తారు.

ఫోనులో మీరు ‘ఏమని పిలవాలో తెలియడం లేదమ్మా’ అన్నారు. ఇది చిన్న విషయమని మీరు అనుకున్నారు గానీ, నాకు మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే పెద్దదిగా కనిపించింది. తెలుగులో మన ఇంటి పిల్లల గురించి ఇంకొకరితో చెప్పాలంటే ఆడో మగో తేల్చకుండా నోరు పెగలదు. వచ్చాడు, వచ్చింది. చదువుతున్నాడు, చదువుతోంది. అదే ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడితే ఆ గొడవే లేదు. తిన్నావా? నిద్రపోయావా? డబ్బులున్నాయా? ఈ మాటలకి ఆడా మగా లేదు. తన గురించి తను చెప్పుకునేటప్పుడూ అంతే. తిన్నాను, వెళ్ళాను, భయమేసింది. 21 ఏళ్ళుగా మీ బిడ్డ మీతో మాట్లాడిన ఏ మాటలోనూ అబద్ధం లేదు. తన గురించి మనం చెప్పుకున్న మాటల్లోనే ఆ ‘డు’ వచ్చి కూర్చుంది. కాబట్టి ఎదురుపడినప్పుడు ఎలా మాట్లాడాలన్న టెన్షన్ పెట్టుకోకండి. అలవాటుగా వచ్చే ‘ఏరా’ని ఒక్కదాన్ని నోట్లోనే ఆపుకోండి. ‘తిన్నావా’ అనండి, చివర ‘రా’ చేర్చకండి. ఆమె తనకి ఒక పేరు పెట్టుకుందని మీ ఆవిడ చెప్పారు. ఆ పేరు మీకు తెలుసు, పలకలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు రెండుసార్లు పైకి అని చూడండి.

పేరుతో ఏమవుతుందని అనిపించొచ్చు. 2018లో అమెరికాలో మూడు నగరాల్లో 15 నుంచి 21 ఏళ్ళ ట్రాన్స్ యువత 129 మంది మీద జరిగిన ఒక పరిశోధన ఉంది. ఇల్లు, బడి, పని చేసే చోటు, స్నేహితులు, ఈ నాలుగింటిలో ఎక్కడెక్కడ తమ పేరుతో పిలిపించుకోగలుగుతున్నారని అడిగారు. అలాంటి చోటు ఒక్కటి పెరిగిన కొద్దీ ఆత్మహత్య ఆలోచనలు 29 శాతం, ఆత్మహత్య వైపు వేసే అడుగులు 56 శాతం తక్కువగా కనిపించాయి. నాలుగూ అక్కర్లేదు, ఒక్క చోటు పెరిగినా. స్నేహితుల దగ్గర మీ బిడ్డకి ఆ పేరు ఇప్పటికే ఉంది. వాళ్ళమ్మ దగ్గర మొన్న మొదలైంది.

ఇక్కడినుంచి నేను ‘మీ పెద్దమ్మాయి’ అనే రాస్తాను. ఆ మాట దగ్గర మీ కళ్ళు ఆగుతాయని తెలుసు. కాసేపు ఆగినా పర్వాలేదు.

మందులతో నయమవుతుందా అన్నారు. నయం చెయ్యడానికి అది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితాలో దీన్ని మానసిక రుగ్మతల్లోంచి తీసేసింది, ఆ కొత్త జాబితా 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ‘మార్చేస్తాం’ అని చేసే చికిత్సలు వృత్తిధర్మానికి విరుద్ధమని మన జాతీయ వైద్య కమిషన్ కూడా 2022లో రాష్ట్రాల వైద్య మండళ్ళకి తెలిపింది. అలా మారుస్తామని ఎవరైనా అంటే, వాళ్ళ గోడ మీద ఎన్ని డిగ్రీలున్నా లేచి వచ్చెయ్యండి. చికిత్స ఉన్నది దిగులుకీ, నిద్ర పట్టకపోవడానికీ, చచ్చిపోవాలనే ఆలోచనకీ. అది మీ పెద్దమ్మాయికి ఇప్పుడు అందుతోంది, మధ్యలో ఆపనివ్వకండి. హార్మోన్ల సంగతి, ఆపరేషన్ల సంగతి ఆమె అడిగినప్పుడు, తెలిసిన డాక్టరు సమక్షంలో మాట్లాడుకోవచ్చు. మీరు మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అది కానే కాదు.

‘పెళ్ళి చేస్తే సర్దుకుంటుంది’ అని మీ బావగారు అన్నారట. దయచేసి ఆ మాట మళ్ళీ మీ ఇంట్లో వినపడనివ్వకండి. దానివల్ల ఒకరికి బదులు ఇద్దరు ఆడపిల్లల జీవితాలు పోతాయి.

నేనూ ఒకప్పుడు తప్పు చెప్పాను. ఈ సలహాలిచ్చే పనిలో చేరిన కొత్తలో, పాతికేళ్ళ కిందటి మాట, ఇలాగే ఒక తల్లి వచ్చింది. ‘వయసు ప్రభావం, కొంతకాలం ఆగండి, అదే పోతుంది’ అన్నాను. నాకు నేర్పినవాళ్ళు అలాగే నేర్పారు. ఆ తల్లి నా మాట నమ్మి ఆగింది. బిడ్డ ఆగలేదు, రైలెక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎక్కడుందో నాకు తెలియలేదు. ఆ తల్లి ముఖం నన్ను వదలలేదు. ‘ఆగండి’ అని మీకు చెప్పనిది అందుకే.

రైళ్ళలో, దుకాణాల ముందు చెయ్యి చాపే హిజ్రాలని చూసి, ‘నా బిడ్డ కూడా ఇలా అయిపోతుందా’ అని మీకు నిద్ర పట్టడం లేదన్నారు. వాళ్ళలో ఎంతోమంది ఒకప్పుడు మీలాంటి ఇంట్లోంచే ‘పో’ అనిపించుకుని బయటికి వచ్చారు. ఇల్లు తలుపేసినప్పుడు ఒక గురువు, అంటే వాళ్ళలోనే ఒక పెద్ద, తలుపు తీసి అన్నం పెట్టింది. చేరదీసినవాళ్ళని దొంగల్లా చూడకండి. మీ పెద్దమ్మాయికి ఆ స్నేహాలుంటే తెంపమని అడగకండి. ఇన్నాళ్ళూ ఆమెని నిలబెట్టింది అవే. మీ భయం చదువూ ఉద్యోగం గురించైతే దానికి చెయ్యగలిగింది ఉంది. 2011 జనాభా లెక్కల్లో స్త్రీ, పురుషుడు కాక ‘ఇతరులు’ అని 4,87,803 మంది నమోదయ్యారు. వాళ్ళలో అక్షరాస్యులు 56 శాతమే. మొత్తం జనాభాలో అది 70 దాటింది. చదువు మధ్యలో ఆగిపోవడం దగ్గరే దారి మళ్ళుతుంది. ఆఖరి సంవత్సరం ఫీజు ఇంకా కట్టలేదని మీ ఆవిడ చెప్పారు. రేపే కట్టండి. ‘కడతాను గానీ నువ్వు జుట్టు కత్తిరించుకోవాలి’ అనే షరతు లేకుండా కట్టండి.

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, తానెవరో చెప్పుకునే హక్కు ట్రాన్స్‌జెండర్ మనిషికి ఉందని తీర్పిచ్చింది. పార్లమెంటు 2019లో చేసిన చట్టం, కన్నవాళ్ళ ఇంట్లో ఉండే హక్కు వాళ్ళకి ఉందని చెబుతుంది. ‘పో’ అనే హక్కు మీకు లేదన్నమాట. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి రాయలేదు, మీ బావగారికి చూపించడానికి పనికొస్తుందని రాశాను. సర్టిఫికెట్లలో పేరు విషయం వచ్చినప్పుడు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా సలహా ఇస్తారు, ఫోను 15100.

చిన్నమ్మాయి సంబంధాల మాట. మీరు ఆ అమ్మాయిని అడిగారా? నేను ఫోన్ చేసినప్పుడు పక్కనుంచి ‘అక్క ఎలా ఉందో అడగండి’ అన్న గొంతు నాకు వినిపించింది. ఆ గొంతు మీ చిన్నమ్మాయిదే కదా? ఆమెకి లేని బెంగ ఆమె పేరు మీద మీరు మోస్తున్నారు. సంబంధాలు ఒకటో రెండో వెనక్కి పోవచ్చు, పోవని నేను చెప్పను. ఈ సంగతి విని వెనక్కి వెళ్ళే ఇల్లయితే, రేపు మీ చిన్నమ్మాయికి ఏ కష్టమొచ్చినా ఆ ఇంట్లో ఎవరితో చెప్పుకోగలదో ఆలోచించండి. బంధువులతో ‘మా బిడ్డ చదువుకుంటోంది, బాగుంది’ అంటే చాలు. అంతకు మించి చెప్పాలా వద్దా అన్నది మీ పెద్దమ్మాయి ఇష్టం. ఆమెని అడక్కుండా ఎవరికీ చెప్పకండి.

ఇక మీరు వెళ్ళడం గురించి. చెయ్యి చేసుకున్నందుకు క్షమాపణ చెప్పాలి. తండ్రి బిడ్డకి సారీ చెప్పడం మన ఇళ్ళల్లో అలవాటు లేదు. అన్నం తిన్నావా అని అడిగి, అందులోనే అన్నీ చెప్పేశామనుకుంటాం. ఈసారి అది సరిపోదు. ‘కొట్టడం తప్పు, పొమ్మనడం తప్పు. నాకింకా చాలా అర్థం కావాలి. కానీ నువ్వు మాకు కావాలి.’ ఇంతే. ఈ నాలుగు మాటలూ నోటికి రాకపోతే కాగితం మీద రాసుకెళ్ళి చదవండి. నేను మాట్లాడిన తండ్రుల్లో ఒకాయన అలాగే చదివారు, చేతులు వణుకుతుంటే. ఏడుపొస్తే ఆపుకోకండి. ఆ తర్వాత మాత్రం ‘కానీ’ అని మొదలుపెట్టకండి. ‘కానీ అమ్మ ఆరోగ్యం’, ‘కానీ చెల్లి పెళ్ళి’ అనకండి.

ఒక్కరోజుతో అయిపోయే పని కాదిది. ఇలాంటి రాత్రి గడిచాక వచ్చే వారాలు కూడా జాగ్రత్తగా ఉండాల్సినవే. రోజూ ఒకసారి ఫోన్ చెయ్యండి, మాట్లాడటానికి ఏమీ లేకపోయినా. మీ గుండెల్లో ఉన్నది ఎవరితోనైనా చెప్పుకోవాలనిపిస్తే అదే 14416 మీకోసం కూడా ఉంది.

మీరు ఫోన్ పెట్టేసే ముందు, ‘వెళ్తే తలుపు తీయకపోతే?’ అని అడిగి, జవాబు వినకుండానే పెట్టేశారు. ఇప్పుడు చెబుతున్నాను. వెళ్ళే ముందు మీ ఆవిడకి గానీ, రూములో స్నేహితురాలికి గానీ ఫోన్ చేసి ఆమె క్షేమంగా ఉందో లేదో కనుక్కోండి. ఫోనుకీ పలక్క, తలుపుకీ పలక్క, ఆమె ఎలా ఉందో ఎవరికీ తెలియకపోతే ఒక్క క్షణం కూడా ఆగకుండా ఓనర్ని లేపి తలుపు తీయించండి, 112కి చెప్పండి. క్షేమంగానే ఉంది, మిమ్మల్ని చూడటం ఇష్టం లేక తీయలేదంటే, ఆ హక్కు ఆమెకుంది. ఆరు నెలలు మీరు తీయలేదు. వాళ్ళమ్మ కట్టిచ్చిన కారియర్ గుమ్మం పక్కన పెట్టండి. ఆమె పెట్టుకున్న పేరుతో ‘నాన్న కింద ఉన్నాడు’ అని మెసేజ్ పెట్టండి. కింద టీకొట్టు దగ్గర గంటసేపు కూర్చోండి. ఆఖరి బస్సు వెళ్ళిపోకముందే లేవండి. మర్నాడు డ్యూటీ అయ్యాక మళ్ళీ వెళ్ళండి. ఖాళీ కారియర్ తెచ్చుకోవాలి కదా.